‘అమితంగా పెంచును’: ఒక టానిక్కు సీసాకు టీకా తాత్పర్యం

మూలం: “కడుపులోని పురుగులపై రోగనిరోధక శక్తిని అమితంగా పెంచును.”

టీక: రోగం, శక్తి అందరికీ అనుభవంలో ఉన్నవే కనుక వదిలేశాం. ‘పెంచును’ తద్ధర్మార్థక క్రియ. నిప్పు కాల్చును, నీరు పారును అన్నట్టు స్వభావం చెబుతుందే తప్ప ఎప్పటికి పెంచునో చెప్పదు. సీసా ఖాళీ అయ్యాక నిలదీద్దామంటే క్రియకు కాలమే లేదు. కనిగిరి బజారులో టానిక్కు కొనే మిరపకోత కూలీకి ఈ వ్యాకరణం ఎవరూ చెప్పరు. ఇక ‘పురుగులు’. గొర్రె కడుపులో ఉంటే నట్టలు, పిల్లవాడి కడుపులో ఉంటే నులిపురుగులు. వాటిలో పొడుగుపాటిది ఏలికపాము. ఏలిక అంటే ప్రభువు. పేరు పెట్టినవారెవరో గాని రాజనీతి ఎరిగినవారు. మట్టిచేతుల వెంట గుడ్డుగా లోపలికొచ్చి, పేగుగోడ దాటి, కాలేయం మీదుగా ఊపిరితిత్తులపై దండెత్తి, గొంతులోకెక్కి, మింగుడుపడి, తిరిగి పేగులోనే పట్టాభిషేకం చేసుకుంటుంది. ఆడది రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. ఒంటి కావలి కణాలను మెత్తబరిచే పదార్థాలు వదులుతూ ఏడాది రెండేళ్ళు ఏలుతుంది. ఇంతకీ టీక రాస్తున్నది టానిక్కుకు కదా!

విశేషం: ‘అమితం’ అంటే కొలత లేనిది. చిక్కంతా ఇక్కడే. బాక్టీరియాను తెల్ల రక్తకణం మింగగలదు. జానెడు పామును మింగలేదు. అందుకని ఒళ్ళు వేరే ఎత్తు వేస్తుంది. ఐజీఈ యాంటీబాడీలు పోగవుతాయి, ఇయోసినోఫిల్ కణాలు విషపు ప్రోటీన్లు చల్లుతాయి, పేగు జిగురు కార్చి గెంటజూస్తుంది. ఆ ఇయోసినోఫిల్ కణాలు మైక్రోలీటరు రక్తంలో మామూలుగా 500 లోపే. బోదకాలు పురుగు పిల్లలపై కొందరి ఒళ్ళు అతిగా మండిపడితే అవి 3,000 దాటి, రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు పట్టుకుంటాయి. అంటే సీసా మాట నిజమైతే, దానికి విరుగుడుగా ఇంకో మందు కొనాలి.

ఆక్షేపం: బక్కపిల్లలకు బలం పెరిగితే మేలు కాదా? మేలే. దానికి అన్నం, పప్పు, గుడ్డు ఉన్నాయి. అయినా బలమైన ఒంట్లోకీ ఏలిక మళ్ళీ వేంచేస్తాడు, మట్టిలో గుడ్లున్నంత కాలం. మరుగుదొడ్డి కావాలి, చేతులకు సబ్బు కావాలి. ఫ్లోరైడు పీడతో తాగేనీళ్ళు కొనుక్కునే ఊళ్ళలో చేతులు కడుక్కోమని బోధించేవాళ్ళు ముందు నీళ్ళివ్వాలి.

తాత్పర్యం: పురుగులకు అసలు మందు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. మాత్ర, రెండేళ్ళలోపు వారికి సగం, ఏడాది నుంచి 19 ఏళ్ళ దాకా, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఊరికే ఇస్తారు.