మీటరు కూసింది, కొంప మునిగింది

ఎయిర్ ప్యూరిఫయర్ ఫిల్టరు ఊడదీసి రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ ఆనించడం, అది టకటకమనగానే గుండెలు బాదుకుంటూ వీడియో పెట్టడం ఇప్పటి ఫ్యాషన్. పాలమూరు ప్రాంతంలోని మక్తల్‌లో ఆ మీటరు టకటకమనకపోతేనే ఆశ్చర్యపోవాలి. అక్కడి నేల చాలావరకు గ్రానైటు. అందులో కొంచెం యురేనియం, దాని నుంచి రేడాన్ వాయువు. రేడాన్ అర్ధాయువు 3.8 రోజులు. అది విచ్ఛిన్నమైతే పుట్టే పొలోనియం, సీసం, బిస్మత్ పరమాణువులు ధూళికి అతుక్కుని ఫిల్టరులో చిక్కుతాయి. చిక్కకపోతే ఎక్కడికి పోతాయి? మన ఊపిరితిత్తుల్లోకి. దొంగను పట్టిన కుక్కకే సంకెళ్లు వేస్తున్నాం! ఇంకో చిత్రం: ప్యూరిఫయర్ ఆపేస్తే సుమారు అరగంటకోసారి ఆ చప్పుడు సగమవుతుంది, నాలుగైదు గంటలకు నామమాత్రం. థోరాన్ (రేడాన్‌కే మరో రూపం) సంతతి ఏదో కాస్త మర్నాటిదాకా మిగులుతుంది, అంతే. పొద్దున కూసిన ఫిల్టరును అన్నం తిన్నాక మళ్లీ కొలిచి చూపించే వీరుడు ఒక్కడూ లేడే! మీటరు పట్టుకున్న ఆ మనిషి ఒంట్లోనే పొటాషియం-40 వల్ల సెకనుకు నాలుగు వేలకు పైగా విచ్ఛిన్నాలు జరుగుతుంటాయి. మరి ఆయన్ను ఏ గోనెసంచిలో కట్టి ఎక్కడ పూడ్చాలి?

'రేడాన్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది కదా' అంటారు. చెప్పింది, నిజమే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత పెద్ద కారణాల్లో అదొకటి. బీడీ తాగేవాడికి ముప్పు ఇంకా ఎక్కువ. కానీ ముప్పు పీల్చే గాలిలో ఉంది, ఫిల్టరులో కాదు. పైగా రేడాన్ వాయువు ఫిల్టరుకు చిక్కదు, దాటిపోతుంది. ఈ సంగతి చెప్పకుండా జనాన్ని బెదరగొట్టడం సిగ్గుమాలిన పని. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు దశాబ్దాల తరబడి ఎముకలు వంచుతుంటే ఇంత కేక వినపడిందా? యురేనియం తవ్వకాలు వద్దని నల్లమల జనం రోడ్డెక్కితేనే గదా 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది! అప్పుడు లేని ఆరాటం ఫిల్టరు అట్టముక్క మీద దేనికి? భయం ముందొస్తే బేరం వెనకాలే వస్తుంది కాబట్టి. 2020లో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ సెల్‌ఫోన్ రేడియేషన్‌కు ఆవుపేడ చిప్ చూపించింది. 2021లో నెదర్లాండ్స్ అణు నియంత్రణ సంస్థ పరీక్ష చేయిస్తే, 5జీ నుంచి కాపాడతాయంటూ అమ్మిన లాకెట్లే రేడియేషన్ చిమ్ముతున్నాయని తేలింది.

నిజంగా తెలుసుకోవాలంటే చిన్న ప్లాస్టిక్ డబ్బాలాంటి రేడాన్ డిటెక్టరును గదిలో మూడు నెలలు వేలాడదీసి ల్యాబుకు పంపాలి. ఘనపు మీటరుకు 100 బెకరెల్‌లు దాటితే నేల పగుళ్లు పూడ్చి, ఏసీ కోసం బిగించిన కిటికీలు తెరవాలి. ఆ డబ్బా కూయదు, అందుకే దానికి వీడియో లేదు.