ట్యాంకు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

ట్యాంకు కిందనే చేయెత్త నందుచోట
గేటు వాల్వును విడనాడి కీలుబంతి
నిలిపి, పిడి తిప్పఁ జోటుంచి, నీటి పేరు
వ్రాసి పెట్టిన యింటనె రాత్రి నిద్ర.

అవతారిక: కొత్తగా ఇల్లు కట్టినాయన గృహప్రవేశం నాడు పాలు పొంగించి, చుట్టాలకు బాత్రూము టైల్సు చూపిస్తూ మురిసిపోతున్నాడు. ఓ పెద్దాయన విస్తరి ముందు కూర్చుని “అన్నీ బాగున్నాయి గానీ, నీళ్ళు ఎక్కడ కట్టేస్తావు నాయనా?” అన్నాడు. ఇంటాయన మేస్త్రీ వంక చూశాడు, మేస్త్రీ ప్లంబరు వంక చూశాడు, ప్లంబరు గారెల వంక చూశాడు. అప్పుడు కవి ఆశువుగా చెప్పిన పద్యం ఇది. మహావ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి దీని జోలికి పోలేదు. ఆయన నాటికి మెతుకుసీమ మేడల మీద ట్యాంకులు లేవు కనుక ఆ భారం మా మీద పడింది.

ప్రతిపదార్థం: ట్యాంకు కిందనే = మేడ మీది ట్యాంకులోంచి పైపు బయటికి వచ్చీ రాగానే; చేయెత్తన్ = చెయ్యి ఎత్తగా; అందుచోటన్ = అందే చోట (స్టూలు, పక్కింటి కుర్రాడు, సెల్‌ఫోను లైటు అక్కర్లేకుండా అని భావం); గేటు వాల్వును = చక్రం తిప్పి బిగించే రకాన్ని; విడనాడి = వదిలేసి; కీలుబంతిన్ = బాల్ వాల్వును; నిలిపి = బిగింపించి; పిడి తిప్పన్ = పిడి పావుచుట్టు తిరగడానికి; చోటు ఉంచి = గోడకు తగలకుండా జాగా వదిలి; నీటి పేరు = ఆ లైను వంటింటిదో, బాత్రూముదో; వ్రాసి పెట్టిన = చెరగని రంగుతో రాసి ఉంచిన; ఇంటనె = ఇంట్లో మాత్రమే; రాత్రి నిద్ర = దీనికి టీక అక్కర్లేదు.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: “కిందనే” అన్న ఏవకారంలో పద్యం ప్రాణమంతా ఉంది. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళకు చాలాచోట్ల వీధి నీళ్ళు ఒత్తిడితో నేరుగా కుళాయికే వస్తాయి. పైపు ఇంట్లోకొచ్చే చోట ఒక్క వాల్వు కట్టేస్తే ఇల్లంతా ఆగిపోతుంది. మన నీళ్ళు అలా కాదు, సంపులో పడి, మోటారుతో మేడెక్కి, మళ్ళీ దిగుతాయి. హెల్త్ ఫాసెట్ గొట్టం పగిలినప్పుడు మీటరు దగ్గరికి పరిగెత్తి వాల్వు మూసినా, మేడ మీది వెయ్యి లీటర్లు మేడ మీదే ఉంటాయి. నిమిషానికి 10 లీటర్ల చొప్పున దిగినా గంటా నలభై నిమిషాల జలప్రవాహం. వాస్తుశాస్త్రులు సంపును ఈశాన్యంలోనూ, ట్యాంకును నైరుతిలోనూ పెట్టించారు గానీ, వాల్వు ఎంత ఎత్తులో ఉండాలో ఒక్కరూ చెప్పలేదు. ఆ లోటు ఈ కవి తీర్చాడు.

గేటు వాల్వు మీద కవికి ఇంత కోపమెందుకు? దానిలో ఇత్తడి పలక కిందికి దిగి నీళ్ళకు అడ్డం పడుతుంది. మన బోరునీళ్ళ సున్నం ఆ పలక కూర్చునే గాడిలో పేరుకుంటుంది. ఆరేళ్ళు ముట్టుకోకుండా వదిలేసి, అవసరం పడ్డ రాత్రి చక్రం తిప్పితే మూడు గతులు: అసలు తిరగదు, తిరిగినా చుక్క ఆగదు, లేదా లోపలి కడ్డీ విరిగి చక్రం చేతికొస్తుంది. బాల్ వాల్వులో ఈ పేచీ తక్కువ. మధ్య బెజ్జం ఉన్న గుండు పావుచుట్టు తిరుగుతుంది, అంతే. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. చీకట్లో అమ్మమ్మ తడిమి చూసినా తెలుస్తుంది. అయితే దాన్నీ రెణ్నెల్లకోసారి తిప్పుతుండాలి, లేకపోతే సున్నం గుండునూ పట్టేస్తుంది. టక్కున మూయకూడదు. పైపులో పరిగెత్తే నీళ్ళు ఎదురుదెబ్బ కొడతాయి.

ఇక్కడొక అపవ్యాఖ్య ఉంది. “కీలుబంతి” అంటే ట్యాంకులో కడ్డీ చివర తేలే బంతి అని కొందరంటారు. అది బాల్ కాక్. ట్యాంకు నిండగానే లోపలికొచ్చే నీళ్ళను ఆపుతుంది తప్ప బయటికి పోయేవాటితో దానికి సంబంధం లేదు. ఈ వ్యాఖ్యాన భేదం వల్ల హార్డ్‌వేర్ షాపుకు రెండోసారి వెళ్ళినవారు చాలామంది.

కవి ఏ లోహమో చెప్పలేదు. ఇత్తడి అని అధ్యాహారం చేసుకోవాలి. ప్లాస్టిక్ వాల్వు నీడలో బాగానే ఉంటుంది. రెంటచింతల ఎండలో కొన్నేళ్ళుంటే పెళుసెక్కి పిడి పుటుక్కుమంటుంది. పక్కనే ఒక యూనియన్ (మరతో విప్పగలిగే జోడింపు) వేయిస్తే వాల్వు మార్చాల్సినప్పుడు పైపు కొయ్యక్కర్లేదు. వాల్వు దాటగానే ట్యాంకు కన్నా ఎత్తుగా గాలిగొట్టం ఒకటి లేపాలి. లేకపోతే మళ్ళీ తెరిచినప్పుడు గాలి చిక్కుకుని కుళాయిలు దగ్గుతాయి.

“నీటి పేరు” అన్నది అపార్టుమెంట్ల కోసం. అక్కడ చాలా ఫ్లాట్లకు మెయిన్ అనేది ఒకటుండదు. వంటింటికొక పైపు, ఒక్కో బాత్రూముకొక పైపు టెర్రస్ నుంచి దిగుతాయి. పైన పాతిక పిడులు బారుగా ఉంటాయి, ఒక్కదాని మీదా అక్షరం ఉండదు. రాత్రి పదకొండింటికి వాచ్‌మన్ ఒక్కోటీ తిప్పి “సార్, ఆగిందా?” అని ఫోను చేస్తాడు. ఆగలేదు. ఆగింది నాలుగో అంతస్తులో తలకు షాంపూ పెట్టుకున్నాయనకి. కొత్త ఫ్లాట్లలో వాల్వు ఇంట్లోనే ఇస్తున్నారు, సంతోషం. కానీ బాత్రూము పైని అటకలో ఇస్తున్నారు. ఆ అటక మీద దాని ముందు మనం సూటుకేసులూ, పెళ్ళినాటి గంగాళమూ పేరుస్తున్నాం. “చేయెత్త నందుచోట” అన్న మాటకు ఇది పూర్తిగా విరుద్ధం.

శంక: ట్యాంకు మూత తీసి, లోపలి బెజ్జంలో గుడ్డ కుక్కితే చాలదా? సమాధానం: చాలుతుంది, మీ చెయ్యి అయిదడుగుల పొడవుంటే.

చదివినవారికి విన్నపం: ఈ ఆదివారం మేడెక్కి మీ వాల్వు ఒక్కసారి నెమ్మదిగా మూసి తెరవండి. ఇంట్లో అందరికీ అదెక్కడుందో చూపించండి. అది తిరక్కపోతే సోమవారమే ప్లంబరును పిలవండి.