కరెంటుపమ: టీకా తాత్పర్య సహితము

మూలము (గద్యము, నిచ్చెన మీదినుండి ఎలక్ట్రీషియన్ పలికినది)

“అమ్మగారూ, కరెంటు కుళాయి నీళ్ళలాంటిదండీ. గీజరూ మోటారూ ఒక్కసారే వేస్తే ఫ్యానుకు ధార తగ్గుద్ది. తీగ తెగిందా, ఇక నీళ్ళ మాట మర్చిపోండి, ముట్టుకోవద్దు.”

అవతారిక: ఇంటి వైరింగు పాతది. స్నానాల వేళ ఫ్యాను ఏల నీరసించుచున్నదని గృహిణి అడుగగా, ఎలక్ట్రీషియన్ టెస్టరు జేబున దోపుకొని ఇట్లు సెలవిచ్చుచున్నాడు.

ప్రతిపదార్థము: అమ్మగారూ = బిల్లు చెల్లించు ఓ గృహిణీ; కరెంటు = మీటరులో అంకె పెంచునది; కుళాయి నీళ్ళు = మున్సిపాలిటీ వారు దయతలచినప్పుడు వచ్చునవి; లాంటిది = వంటిది; ధార = వోల్టేజీ; తగ్గుద్ది = తగ్గును. (ఇట్టి వాడుక దోషము కాదు. ఫ్యాను తగ్గుటయే దోషము.)

అలంకారము: కరెంటు ఉపమేయము, కుళాయి నీళ్ళు ఉపమానము, ‘లాంటిది’ ఉపమావాచకము, ధార తగ్గుట సమానధర్మము. నాలుగును ఉన్నవి కనుక పూర్ణోపమ. గొట్టము సన్నమైనచో రెండు కుళాయిలు తిప్పగానే మూడవది నీరసించును. అట్లే 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్లు లాగగా, సన్నని వైరులోనే కొంత వోల్టేజీ ఖర్చయి, ఫ్యానుకు మిగిలినదే దక్కును.

పూర్వపక్షము: గొట్టము పగిలిన నీరు వీధిపాలగును, తీగ తెగిన కరెంటు కారదు, ఆగును. వాడిన నీరు తూమున పోవును. కరెంటు రెండవ తీగన మరలి రావలెను. పైగా సెకనుకు 50 మార్లు ముందుకును వెనుకకును ఊగును. ఏ మున్సిపాలిటీ నీరు ఇట్లు చేయును? కావున ఈ ఉపమ చెల్లదు.

సిద్ధాంతము: చెల్లును. ఉపమకు సమానధర్మమే ఎల్ల. గృహిణి అడిగినది ఫ్యానును గూర్చియే గాని ఊగుటను గూర్చి కాదు. అసలు సొగసు మూడవ వాక్యమున ఉన్నది. ఏమియు కారుట లేదు గదా అని తెగిన తీగ పట్టినవాడు ఉపమను నమ్మి చెడును. కొసన వోల్టేజీ పొంచియే ఉండును. ఇది ఎరిగి వక్త తాను కట్టిన ఉపమను తానే విప్పినాడు. ఉపమ కట్టువారు కొల్లలు. ఎచ్చట విప్పవలెనో తెలిసినవారు అరుదు.

విశేషము: ఉపమ కవుల సొత్తు మాత్రమే కాదు. 1827లో ఓమ్ తన సూత్రమును వెలువరించునప్పుడు, ఫూరియర్ 1822లో వేడి ప్రవాహముపై వెలువరించిన గణితమే ఆయనకు దారి చూపినది. కరెంటును వేడితో పోల్చి ఆయన సూత్రము కట్టెను. నీటితో పోల్చి మనవాడు ఫ్యాను సంగతి తేల్చెను.

తాత్పర్యము: గీజరు, మోటారు వేరువేరు వేళల వేయవలెను, లేదా వైరు మార్పించవలెను. మార్చుటకు ఎంతగునని గృహిణి అడుగగా ఆయన ఏ ఉపమయు వాడలేదు. అంకె చెప్పెను.