పాపం పక్క ఊరిది

అమెరికా విశ్వవిద్యాలయాలకు మనస్సాక్షి లేదని ఎవరన్నారు? నిక్షేపంగా ఉంది. కాకపోతే చూపు తక్కువ. క్యాంపస్ ప్రహరీ దాటితే ఏమీ ఆనదు.

ఎంఐటీ సంగతే చూడండి. అక్కడ ఇన్‌స్ట్రుమెంటేషన్ లేబొరేటరీని పెట్టి పెంచినవాడు చార్లెస్ స్టార్క్ డ్రేపర్. జలాంతర్గామి నుంచి పేల్చే పొలారిస్ క్షిపణికి దారి చూపే యంత్రం ఆ ప్రయోగశాలదే, అపోలోను చంద్రుడి దాకా నడిపించిన యంత్రమూ దానిదే. తన సరుకు మీద ఆయనకెంత నమ్మకమంటే, 1961లో, అరవయ్యేళ్ల వయసులో, తననే వ్యోమగామిగా పంపమని నాసాకు ఉత్తరం రాశాడు. పొలారిస్ వెళ్లి పడే చోట నిలబడతానని మాత్రం ఎవరికీ దరఖాస్తు పెట్టుకున్నట్టు లేదు.

1969లో వియత్నాం యుద్ధం మీద విద్యార్థులు ఒంటికాలిపై లేచారు. మార్చి 4న పరిశోధనలు ఆపి చర్చలు పెట్టారు. నవంబరులో ఆ ప్రయోగశాల ముందు బైఠాయిస్తే పోలీసులొచ్చి చెదరగొట్టారు. ఈలోగా పెద్దలు కమిటీ వేశారు. (కమిటీ మహిమ మనకు కొత్తా?) పరిశోధనను పౌర అవసరాల వైపు మళ్లించమని కమిటీ సలహా ఇచ్చింది. బాగానే ఉంది, ఆ అవసరాలకు అంత డబ్బు పోసే నాథుడేడి? చివరికి ప్రయోగశాలకు డ్రేపర్ పేరే తగిలించి, 1973లో వేరు కాపురం పెట్టించారు. మరీ దూరం పంపారనుకునేరు, అదే కేంబ్రిడ్జి ఊళ్లోనే. అవే క్షిపణులు, అదే పని, బోర్డు మాత్రం కొత్తది. మరి ఎంఐటీ మరో సైనిక ప్రయోగశాల లింకన్ లేబొరేటరీ? అది ఇరవై కిలోమీటర్ల అవతల లెక్సింగ్టన్‌లో, వైమానిక స్థావరాన్ని ఆనుకుని ఉంది. కాబట్టి చూపు ఆనలేదు. నేటికీ అది ఎంఐటీదే.

స్టాన్‌ఫర్డ్ ఇంకా గడుసుది. 1969 ఏప్రిల్‌లో విద్యార్థులు అప్లైడ్ ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీలో తొమ్మిది రోజులు తిష్ఠవేశారు. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ను దగ్గరకు తీసి, యుద్ధం పనులు మాన్పించి, అదుపులో పెట్టమని వాళ్లు అడిగారు. యాజమాన్యం మరుసటేడు దాన్ని పూర్తిగా వదిలించుకుంది. అదుపు చేయడమంటే కష్టంగానీ, మాకు సంబంధం లేదనడానికి ఖర్చేముంది?

జాన్స్ హాప్కిన్స్ అనగానే మనకు ఆసుపత్రి గుర్తొస్తుంది. దాని అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీ 1942లో, సిల్వర్ స్ప్రింగ్‌లో, పాత కార్లమ్మిన గ్యారేజీలో మొదలైంది. శత్రువిమానం దగ్గరికి రాగానే దానంతటదే పేలే ఫ్యూజు అక్కడి ఘనత. యుద్ధం అయిపోయింది, ప్రయోగశాల అయిపోలేదు. ఇప్పుడు విశ్వవిద్యాలయం బాల్టిమోర్‌లో, అది లారెల్ దగ్గర. ఇక్కడో విచిత్రం. పరిశోధన ఖర్చులో అమెరికా విశ్వవిద్యాలయాలన్నిటిలో హాప్కిన్స్‌దే అగ్రస్థానం, 1979 నుంచీ ఏటా. ఆ ఏడు ఏం కనిపెట్టారయ్యా అంటే, ఏమీ లేదు. లారెల్ లెక్కను విశ్వవిద్యాలయం పద్దులో కలిపి కూడటం మొదలైంది, అంతే. పాపం దగ్గర పక్క ఊరు, ర్యాంకు దగ్గర సొంత ఇల్లు! పిల్లలకు చూపించడానికి 2015లో ఆ ప్రయోగశాల వ్యోమనౌక తీసిన ప్లూటో ఫొటోలున్నాయి. జలాంతర్గామి క్షిపణుల పరీక్షల్లోనూ దానికి దశాబ్దాల అనుభవం ఉంది, కానీ ఆ ఆల్బం ఎవరూ తెరవరు.

జ్ఞానానికి ఎల్లలు లేవని స్నాతకోత్సవాల్లో గొంతెత్తి చెబుతారు. పొలం తాకట్టు పెట్టి ఎంఎస్‌కు వచ్చిన మన గుంటూరు కుర్రాడు అది నమ్మి ఇలాంటి ప్రయోగశాలలో ఉద్యోగాల జాబితా తెరిస్తే, చాలావాటికి అమెరికా పౌరసత్వం ఉండాలంటుంది. ఎల్లలు లేనిది అతను కట్టే ఫీజుకే.

ఇంతా చేసి ఈ విశ్వవిద్యాలయాల నైతిక నిష్ఠను శంకించడానికి వీల్లేదు. మనుషుల మీద పరిశోధనంటే చాలు, వాటికి ఒళ్లంతా కళ్లే. పరీక్షల ముందు ఎన్ని గంటలు నిద్రపోతారని ఓ పాతికమంది విద్యార్థులను అడిగి పత్రం రాయాలన్నా ముందు నైతిక సమీక్ష మండలికి ఫారం పెట్టుకోవాలి. ఎవరి మనసూ నొచ్చుకోదని, ఎవరి పేరూ బయటికి రాదని, ఇష్టం లేనివాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోవచ్చని రాసివ్వాలి. క్షిపణి దారికి అవతలి కొసన ఉన్నవాళ్లు పరిశోధనలో పాల్గొంటున్నవారి కిందికి రారు. వాళ్ల ఫారం ఎవరూ అడగలేదు.