అన్ని సైకిళ్ళకూ సరిపోయే ఇంజను

సైకిలుకు బిగించే ఇంజను కిట్టు పెట్టె మీద సాధారణంగా ఒక హామీ ఉంటుంది: అన్ని సైకిళ్ళకూ సరిపోతుంది. లోపల టూ స్ట్రోక్ ఇంజను, రెండు లీటర్ల పెట్రోలు ట్యాంకు, చైను, వెనక చక్రానికి తగిలించే 44 పళ్ళ స్ప్రాకెట్, క్లచ్ పిడి, యాక్సిలరేటరు పిడి, ఒక ప్లాస్టిక్ సంచీ నిండా నట్లూ బోల్టులూ ఉంటాయి. సైకిలు ఉండదు. ఎలాంటి సైకిలు వెతుక్కోవాలో చెప్పే కాగితం ఉన్నా, అందులోని ఇంగ్లీషు ఇంగ్లండు మొహం ఎన్నడూ చూడనిది.

పెట్టె మీది మాటల్ని ఎంతవరకు నమ్మాలో ఇంజనే చెబుతుంది. 80 సీసీ అని అచ్చేసిన వాటిలో చాలా ఇంజన్లకు సిలిండరు వ్యాసం 47 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 38 మి.మీ. లెక్క కడితే 66 సీసీ తేలుతుంది. మిగతా 14 సీసీ అట్ట మీదే ఉండిపోతాయి. పక్కనున్న హామీకి కూడా ఇదే చొప్పున, ఆరింట ఒక వంతు తరుగు తీసి చదువుకుంటే కొనేవాడికి తర్వాత గుండె తరుక్కుపోదు.

ఇంజను కూర్చునే చోటు ఫ్రేము నడిమి ముక్కోణం. సీటు కింద నిలువుగా దిగే కడ్డీ, హ్యాండిల్ కింది నుంచి పెడళ్ళ దాకా ఏటవాలుగా దిగే కడ్డీ కలిసే మూలలో, రెంటినీ చెరో పక్కా పట్టుకుని అది బిగుసుకుంటుంది. పైన అడ్డంగా ఉండే బారు మీద ట్యాంకు కూర్చుంటుంది. కాళ్ళు అందని పిల్లలు ఒక కాలు దూర్చి, ఒళ్ళు పక్కకు వంచి సైకిలు నేర్చుకున్నది ఈ ముక్కోణం లోంచే. అప్పట్లో అందులోకి మోకాలు పట్టేది. ఇప్పుడు ఇంజను పట్టాలి, దానిపైన స్పార్క్ ప్లగ్గు విప్పడానికి పానా తిరిగే జాగా మిగలాలి, పక్కన కార్బురేటరుకు ఊపిరాడాలి. ఇంతా చేసి రెండు కడ్డీలూ గుండ్రంగా, 28 మి.మీ.కి అటూ ఇటూ లావుండాలి. కిట్టులోని పట్టీలు ఆ లావు కోసమే పోతపోసినవి.

ఈ కొలతలు కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళితే అసలు చిక్కు మొదలవుతుంది. గేర్ల సైకిళ్ళలో ఏటవాలు కడ్డీ అరటిబోదెలా ఉంటుంది. పట్టీ దాని చుట్టుకొలతలో సగం కూడా తిరగదు. అల్యూమినియం ఫ్రేములు తేలిక, అందులో సందేహం లేదు. కానీ పల్చటి అల్యూమినియం గొట్టాన్ని ఇనుప పట్టీతో నొక్కి, దాని మీద నిమిషానికి కొన్ని వేలసార్లు వణికే ఇంజనును కూర్చోబెడితే, నొక్కులు పడిన చోట లోహం అలిసిపోయి ముందు గీతలాగా, తర్వాత నోరులాగా పగులుతుంది. వెనక షాక్ అబ్జార్బరు ఉన్న సైకిళ్ళలో ఇంజను కూర్చోవలసిన చోటనే స్ప్రింగు కూర్చుని ఉంటుంది. లావు టైర్ల సైకిళ్ళలో ఎడమ పక్క నడవాల్సిన ఇంజను చైను టైరును కోసుకుంటూ పోతుంది. లేడీస్ సైకిలులో అడ్డబారు లేదు గనక ముక్కోణమే లేదు. దుకాణదారు ఓపిగ్గా అన్నీ చూపిస్తాడు, చివరికి విషయం తెలిశాక, "ఇంజనే కావాలంటే బండి కొనుక్కోండి సార్" అంటాడు. ఆ సలహాలో తప్పు వెతకడం కష్టం. కోపం తెప్పించేది కూడా అదే.

మిగిలేది పాత నల్ల సైకిలు. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో మొదలయ్యాక ఈ దేశపు పాలూ కూరగాయలూ బియ్యం బస్తాలూ పోస్టు ఉత్తరాలూ దశాబ్దాల పాటు మోసింది బ్రిటిష్ నమూనాలో తయారైన ఈ సైకిలే. ఉక్కు గొట్టాలు, మూలమూలనా లగ్గులు వేసి అతికిన కీళ్ళు, 28 అంగుళాల చక్రాలు, సన్నటి గుండ్రటి కడ్డీలు, ఇంజను కోసమే వదిలినట్టు విశాలమైన ముక్కోణం. వెనక ఇరుసు ముందుకూ వెనక్కూ జరిగే గాళ్ళు కూడా ఉంటాయి గనక పెడళ్ళ చైను బిగువు సరిచేసుకోవచ్చు. ఇంజను చైనుకు వేరే బిగువు కావాలి కదా అనే ప్రశ్నకు కిట్టులో ఒక చిన్న కప్పీ ఉంటుంది. దాన్ని వెనక ఫోర్కు కడ్డీకి బిగిస్తారు. కాస్త వదులైతే అది మెల్లగా లోపలికి తిరిగి నేరుగా స్పోకుల మధ్యకు వెళుతుంది. ఆ కడ్డీ గుండ్రంగా కాక చివర సన్నబడుతూ ఉంటే ఆ ప్రయాణం మరింత సులువు.

నల్ల సైకిలు దొరకగానే పని అయిపోయిందనుకోకూడదు. అందులో గట్టిదని పేరున్న డబుల్ బారు రకంలో రెండో బారు సరిగ్గా ఇంజను తల ఉండవలసిన చోట అడ్డం వస్తుంది. బరువు మోయడానికి బాగా బలమైనదే ఇంజను మోయడానికి పనికిరాకుండా పోతుంది. రాడ్ బ్రేకుల సైకిలులో వెనక బ్రేకు కమ్మీ ఏటవాలు కడ్డీని ఆనుకునే దిగుతుంది గనక ఇంజను ముందు పట్టీకి చోటివ్వదు. ఎడమ పెడలు క్రాంకు ఇంజను మూతకు తగులుతుంది. వెడల్పు క్రాంకు వేద్దామంటే పాత ఇరుసుకు కాటర్ పిన్నుతో దిగేది తప్ప మరొకటి దిగదు. ఇవన్నీ సుత్తితో, వెల్డింగుతో, మెకానిక్కుకు తాగించే టీలతో తీరే సమస్యలు. తీరనిది మరొకటి ఉంది. అది లెక్కల సమస్య.

ఇంజను స్ప్రాకెట్‌ను వెనక చక్రానికి బిగించేది స్పోకుల సాయంతోనే. స్పోకులకు లోపల ఒక రబ్బరు బిళ్ళ, బయట ఒక రబ్బరు బిళ్ళ, వాటి మధ్యలోంచి స్ప్రాకెట్‌కు 9 బోల్టులు. ఈ 9 ఎక్కడి నుంచి వచ్చిందంటే, కిట్టు చేసినవాడి ఊరి చక్రానికి 36 స్పోకులు. హబ్బుకు ఒక్కో పక్క 18. అవి జతలు జతలుగా అల్లుకుంటాయి గనక 9 జతలు, 9 సందులు. ప్రతి సందులో ఒక బోల్టు. ఇంత పొందికైన ఏర్పాటు పెళ్ళి వంటల్లో కూడా కుదరదు.

పాత పద్ధతి నల్ల సైకిలు వెనక చక్రానికి 40 స్పోకులు. ముందు చక్రానికి 32. కిట్టువాడి సైకిలుకు ముందు 36, వెనక 36, మొత్తం 72. నల్ల సైకిలుకూ మొత్తం 72నే. బ్రిటిష్‌వాడు వెనక చక్రం బరువు ఎక్కువ మోస్తుందని ముందు చక్రం వాటాలోంచి నాలుగు తీసి వెనకదానికి రాశాడు. న్యాయమైన పంపకమే. ఈ పంపకం వల్ల ఒక్కో పక్క 20 స్పోకులు, 10 జతలు, 10 సందులు అయ్యాయి. బోల్టులు తొమ్మిదే.

ఒక సందు ఖాళీగా వదిలేస్తే సరిపోతుంది కదా అని తోచడం సహజం. సరిపోదు. 9 బోల్టులు చుట్టూ సమానంగా ఉన్నాయి గనక ఒక్కోదాని మధ్య దూరం 40 డిగ్రీలు. 10 సందులు చుట్టూ సమానంగా ఉన్నాయి గనక ఒక్కోదాని మధ్య దూరం 36 డిగ్రీలు. అంటే 36 స్పోకుల చక్రానికి 40 డిగ్రీలు, 40 స్పోకుల చక్రానికి 36 డిగ్రీలు. రాత్రి పదకొండు గంటలకు వాకిట్లో దీపం పెట్టుకుని చక్రం ముందు కూర్చున్న మనిషి ఈ రెండు అంకెలూ ఒకదాని చోటు ఒకటి తీసుకోవడం గమనించాక, ఎవరో కావాలనే తనతో ఆడుకుంటున్నారన్న అనుమానం నుంచి బయటపడడం కష్టం.

మొదటి బోల్టు చక్కగా సందు మధ్యలో దిగుతుంది. ఇదే అసలు మోసం. రెండోది 4 డిగ్రీలు పక్కకు పోతుంది. రబ్బరు గనక సర్దుకుంటుంది. మూడోది 8 డిగ్రీలు. పళ్ళు బిగబట్టి నెడితే వెళుతుంది. నాలుగోది 12. ఐదోది 16, ఆరోది మరో దిక్కునుంచి 16. ఈ రెండూ సందుల్లోకి కాదు, స్పోకుల జత మీదికే వెళతాయి. అక్కడి నుంచి తేడా మళ్ళీ 12, 8, 4 అంటూ తగ్గుతుంది. తొమ్మిదో బోల్టు మళ్ళీ మర్యాదగా దిగుతుంది గనక, మొదటిదీ చివరిదీ మాత్రమే చూసి పని బాగుందని తల ఊపే పెద్దలకు లోపం కనిపించదు. ఐదూ ఆరూ బోల్టుల కింద నలిగిన స్పోకు తెగడానికి వారం చాలు. తెగిన స్పోకు పక్కదాని మీద భారం పెంచుతుంది, అదీ తెగుతుంది, చక్రం ఎనిమిది అంకె వేస్తుంది, బెండు తీయించడానికి తీసుకెళితే షాపువాడు చక్రాన్ని తిప్పి చూసి ఇంజనెవడు పెట్టమన్నాడని అడుగుతాడు. కొందరు పది రంధ్రాలతో కొత్త స్ప్రాకెట్ కోయించుకుంటారు, కొందరు హబ్బుకే పట్టీ బిగించి స్పోకుల ప్రసక్తి లేకుండా చేస్తారు. అన్నిటికన్నా తేలికైన దారి 36 స్పోకుల చక్రం కొని వేయడం. అప్పుడు సైకిలులో మిగిలే పాతదనం ఫ్రేమే. కొనాలనుకున్నదీ ఫ్రేమే గనక దానికి బాధపడనక్కర్లేదు.

అలాంటి ఫ్రేము ఎక్కువగా కొనేది కాదు. ఇంట్లోనే, పశువుల పాకలో గోడకు చేర్చి ఉంటుంది. దాన్ని ఎవరో ఒక మనిషి తన పనిచేసే వయసంతా తొక్కి ఉంటాడు, పాలక్యాన్లతోనో బట్టల మూటతోనో, ఎదురుగాలిలో, వంతెన ఎత్తు మీద దిగి నెట్టుకుంటూ. ఆయన మోకాళ్ళు నొప్పి పెట్టిన రోజుల్లో ఆ ఇంట్లో ఎవరికీ ఈ సైకిలుకు ఇంజను పెడదామన్న ఆలోచన రాలేదు. ఇంట్లో రెండు మోటారు సైకిళ్ళు చేరాక, తొక్కవలసిన అవసరం ఎవరికీ లేనప్పుడు, సరదాకి వచ్చింది. ఫ్రేము ఎంత గట్టిదో చూశారా అని ఇప్పుడు మెచ్చుకుంటారు. తాడు పెట్టి కొలిస్తే దాని పొడవూ లావూ తెలుస్తాయి. అది ఎవరి ఒంటి మీద గట్టిదని తేలిందో తెలిసే కొలత లేదు.

ఫ్రేము తేలాక బ్రేకుల సంగతి. గంటకు 15 కిలోమీటర్లు దాటని సైకిలు 30 దాటితే, ఆపడానికి చంపవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. తడిసిన ఉక్కు రిమ్ము మీద రాడ్ బ్రేకు రబ్బరు అడిగి లేదనిపించుకుంటుంది. కాబట్టి ముందు ఫోర్కుకు కాలిపర్ బ్రేకు బిగించే రంధ్రం ఉందో లేదో ఫ్రేము కొనే ముందే వేలు పెట్టి చూసుకోవాలి. ఫోర్కు మెడ దగ్గర రంగు పెచ్చులూడి తుప్పు గీత కనిపిస్తే బేరం ఎంత తగ్గినా వదిలేయాలి. ఈ ఒక్క విషయంలో హాస్యానికి చోటు లేదు.

వెనకటి తయారీదార్లు కొనేవాడి ఫ్రేమును నమ్మలేదు. 1946లో హోండా సోయిచిరో సైన్యం వదిలేసిన వైర్‌లెస్ జనరేటరు ఇంజన్లను సైకిళ్ళకు తగిలించినప్పుడు పెట్రోలు ట్యాంకుగా వేడినీళ్ళ సీసా వాడాడు. 1952 నాటికి ఆయన కంపెనీ క్లిప్-ఆన్ ఇంజను ముక్కోణాన్ని వదిలి వెనక చక్రం పక్కకు చేరింది. ఫ్రాన్సులో వెలోసోలెక్స్ ముందు చక్రం మీద కూర్చుని టైరునే రోలరుతో తిప్పింది. బ్రిటన్‌లో 1950లో వచ్చిన సైకిల్‌మాస్టర్ ఏకంగా వెనక చక్రం లోపలే దూరింది. మన దగ్గర 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చినప్పుడు వాటికీ పెడళ్ళు ఉన్నాయి. అయితే వాటిని చేసినవాళ్ళు ఫ్రేము వెతుక్కోకుండా ఇంజను కొలతకు తామే చేసుకున్నారు. బుద్ధిమంతుల పని.

చివరిది చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 2(28) ప్రకారం నాలుగు కన్నా తక్కువ చక్రాలుండి, ఇంజను 25 సీసీ మించకపోతే అది మోటారు వాహనం కాదు. ముక్కోణంలో బిగించే కిట్టు ఇంజను ఆ హద్దును బాగా దాటుతుంది గనక దాన్ని బిగించిన సైకిలు మోటారు వాహనమే. రిజిస్ట్రేషనూ లైసెన్సూ ఇన్సూరెన్సూ లేకుండా రోడ్డెక్కరాదు. పాకలోంచి తీసిన ఫ్రేముకు రిజిస్ట్రేషను చేయించడం మాటల్లో అయ్యే పని కాదు గనక, దాని రాజ్యం సొంత పొలం గట్ల దాకానే. ఊళ్ళలో తైవాన్ పంపు అని పిలిచే పవర్ స్ప్రేయర్ల ఇంజన్లు దీనికి మందని కొందరు భావిస్తారు. వాటిలో 26 సీసీగా అమ్ముడయ్యేవి చాలా ఉన్నాయి. చట్టం పాతిక దగ్గర ఆగింది.

నిజంగా 25 సీసీలోపు ఇంజను దొరికినవాడికి ముక్కోణంతో పనిలేదు. దాన్ని వెనక క్యారేజీ మీద బిగించి, రోలరుతో టైరును తిప్పితే చాలు. అప్పుడు చూడవలసింది క్యారేజీ కాళ్ళు వెనక ఇరుసు దాకా దిగి బిగిశాయా, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య రోలరు పట్టే చోటుందా అన్నదే. లేడీస్ సైకిలైనా పనికొస్తుంది. వాన పడితే రోలరు టైరు మీద జారుతుంది, మట్టి రోడ్డులో ఇంకా జారుతుంది, అప్పుడు తొక్కక తప్పదు. అందుచేత 22 అంగుళాల ఫ్రేమా, 24 అంగుళాలదా అన్నది ఇంజనును బట్టి కాక నడిపేవాడి కాళ్ళ పొడవును బట్టి తేల్చుకోవాలి.