పళ్లు చూసి కొన్నారు నన్ను

నన్ను స్నోఫ్లేక్ ఈల్ అంటారు, మోరే ఈల్స్‌లో ఒకదాన్ని. శాస్త్రం పెట్టిన పేరు ఎకిడ్నా నెబ్యులోసా. తెల్లటి ఒంటి మీద నల్లటి మరకలు, వాటిలో పసుపు చుక్కలు, మూతి చివర పసుపు రంగు ముక్కు గొట్టాలు. చూసినవాళ్లు పామంటారు గానీ నేను చేపనే. కాకపోతే పొలుసుల్లేవు, పక్క రెక్కల్లేవు.

పుట్టినప్పుడు పలచటి, పారదర్శకమైన పిల్లని. అలల వెంట కొట్టుకుపోయి, ఇండోనేషియాలో ఓ పగడపు దిబ్బ సందులో స్థిరపడ్డాను. అక్కడే పట్టుబడ్డాను. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో విమానమెక్కి లాస్ ఏంజెలెస్‌లో ఓ దుకాణానికి చేరాను.

పక్క తొట్టెలో రిబ్బన్ ఈల్ ఉండేది. చిన్నప్పుడు నలుపు, మగదిగా ఉన్నప్పుడు నీలం, ఆడదిగా మారాక పసుపు. వచ్చినవాళ్లంతా ముందు దాని దగ్గరే ఆగేవాళ్లు. పాపం, దానికి తొట్టెలో ముద్ద దిగదు. చాలా రిబ్బన్ ఈల్స్ తిండి మానేసి చిక్కి చస్తాయి. ఇంకో తొట్టెలో జానెడు హనీకోమ్ మోరే పిల్ల. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, పెరిగితే రెండు మీటర్లు దాటగలదు.

నన్ను కొన్నాయన రంగు సంగతి ఎత్తలేదు. "నా ముందు తినిపించండి" అన్నాడు. దుకాణం కుర్రాడు పట్టకారుతో రొయ్య ముక్క దించాడు. నా చూపు అంతంత మాత్రం, వాసన మాత్రం ఇట్టే పసిగడతాను. రాళ్ల సందులోంచి తల చాచి, రెండుసార్లు గురి తప్పి, మూడోసారి అందుకున్నాను. ఆయన వంగి నా పళ్లు చూశాడు. చేపల్ని వేటాడే మోరేలకు కోరలు సూదుల్లా ఉంటాయి. నావి పీతల్నీ రొయ్యల్నీ నలగ్గొట్టే మొద్దు పళ్లు. ఆయన తొట్టెలోని చేపలకు నా వల్ల ముప్పు తక్కువ. బేరం కుదిరింది.

నా గొంతులో రెండో దవడ కూడా ఉంది. 2007లో శాస్త్రవేత్తలు రీటా మెహతా, పీటర్ వెయిన్‌రైట్ హైస్పీడ్ కెమెరాతో చూసి, మోరేల గొంతు దవడ ముందుకొచ్చి ఎరను లోపలికి లాక్కుంటుందని తేల్చారు. 2021లో మెహతా బృందం మా స్నోఫ్లేక్‌లకే ఏటవాలు పలక మీద స్క్విడ్ ముక్కలు పెట్టింది. మావాళ్లు నీళ్లలోంచి పైకొచ్చి, ఒడ్డు మీదే మింగి చూపించారు.

నీళ్లు దాటి రాగలనంటే ఇంటాయనకు అర్థం కావాల్సింది మూత సంగతి. ఒంటికి నూనె రాసుకున్న దొంగలా జిగురు చర్మంతో ఏ కంతలోంచైనా జారిపోతాను. అందుకే ఆయన గొట్టాలు దిగే సందులతో సహా అన్నీ జాలీతో మూసేశాడు. సుమారు 300 లీటర్ల తొట్టెలో రాళ్లను నేరుగా అడుగు అద్దం మీదే పేర్చి, తరవాత ఇసుక పోశాడు. ముందు ఇసుక పోసి ఉంటే నేను తవ్వినప్పుడు రాళ్లు కూలి నా మీదే పడేవి. పగడాల్ని నేను తినను, ఒళ్లు తగిలితే దొర్లుతాయంతే. వాటిని జిగురుతో రాళ్లకు అంటించాడు. నేను తిన్నంత మురికీ చేస్తాను కాబట్టి నీళ్లలో మురికి తీసే పెద్ద స్కిమ్మర్ బిగించాడు.

వారానికి రెండు మూడుసార్లు స్క్విడ్, రొయ్య ముక్కలు పెడతాడు, పట్టకారుతోనే. వేలికి రొయ్య వాసన ఉంటే వేలికీ రొయ్యకీ తేడా నాకు తెలీదు మరి. వచ్చిన చుట్టాలు నేను నోరు తెరవగానే "అమ్మో, కోపంగా ఉంది" అంటారు. ఊపిరి పీల్చుకుంటున్నానండీ!

ఈల్‌ను ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే తిండి, పళ్లు, పెరిగే పొడవు చూడండి. నాలాంటివాళ్లం ఒక మీటరు దాకా పెరగగలం, మామూలుగా అంతకన్నా తక్కువే. ఒకే ఒక్క షరతు. తొట్టెలో ముచ్చటైన రొయ్యలు పెంచే ఆశ ఉంటే నన్ను కొనకండి. నన్ను కొంటే రొయ్యల్ని వంటింటికే పరిమితం చెయ్యండి.