గాల్లో గుండెకాయ

అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊరుంది. అక్కడి కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ 2019లో కొత్త వైద్య విద్యా ప్రాంగణం తెరిచింది. కట్టినవాళ్లు శవాలు కోసే డిసెక్షన్ హాలు ఊసే ఎత్తలేదు. పిల్లలు హోలోలెన్స్ అనే కళ్లద్దాలు తలకు బిగించుకుంటారు. గది మధ్యలో మనిషి శరీరం ప్రత్యక్షమవుతుంది. చర్మం తీస్తే కండ, కండ తీస్తే నరం. గుండె చుట్టూ ప్రదక్షిణ చేయవచ్చు, లోపలికి తల దూర్చి కవాటాలు చూసి రావచ్చు. పక్కన తోటి పిల్లలు, ఎదురుగా మాస్టారు మామూలుగానే కనిపిస్తుంటారు. ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండవు.

ఇదంతా చదివి ఆ అమెరికావాళ్ల మీద జాలేసింది. లేనిదాన్ని ఉన్నట్టు చూపించే యంత్రం చేతికొస్తే పాఠాలు చెప్పుకుంటున్నారు! దాని అసలు ఉపయోగం ఏమిటో మన దగ్గర కొన్ని ప్రైవేటు మెడికల్ కాలేజీలను అడిగితే చెప్పేవి.

ఈ విద్యలో మనవాళ్లకు కళ్లద్దాల అవసరం ఏనాడూ పడలేదు. ఇన్‌స్పెక్షన్ అంటే చాలు, తెల్లారకముందే ఊళ్లలోకి బస్సు వెళ్తుంది. ఉచిత వైద్య శిబిరం, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం చేతి ఖర్చులు. తొమ్మిదింటికల్లా వార్డు కిటకిటలాడుతుంది. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఓ మంచం దగ్గర ఆగి, ‘ఏం జబ్బు తాతా?’ అంటాడు. తాత నిజాయితీపరుడు. ‘నిన్న కాలిరుగుడు సారూ. ఇయ్యాల ఏందో ఇంకా చెప్పలే’ అంటాడు.

ఇదేదో నా కల్పన అనుకునేరు. 2025లో మెడికల్ కాలేజీల తనిఖీలపై సీబీఐ పెట్టిన కేసులో బోగస్ అధ్యాపకులు, ఉత్తుత్తి రోగులు, బయోమెట్రిక్ హాజరులో మాయలు అన్నీ ఆరోపణల జాబితాలో ఉన్నాయి. అదే ఏడాది జాతీయ వైద్య కమిషన్ వేలిముద్రలతో లాభం లేదని అధ్యాపకుల ముఖం చూసి హాజరు వేసే పద్ధతి తెచ్చింది. పాపం, ముఖమే లేని ప్రొఫెసర్ల గతేం కాను?

అందుకే నా సలహా: కళ్లద్దాలు విద్యార్థులకు కాదు, ఇన్‌స్పెక్టరుకు తొడగండి. బస్సు ఖర్చు ఉండదు. మంచానికో రోగి, కుర్చీకో ప్రొఫెసరు. గాల్లో ప్రొఫెసరు టీఏ అడగడు. అదే రోజు ఇంకో కాలేజీ రిజిస్టర్లో తేలినా ఇబ్బంది లేదు.

ఓ చైర్మన్‌గారికి ఇది తెగ నచ్చింది. హోలోలెన్స్ 2 ధర 3,500 డాలర్లంటే, ‘మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల కంపెనీ మైక్రోసాఫ్ట్ సరుకే కదా, ఓ మాట చెబితే తగ్గించరూ?’ అన్నారు. టెండరు కమిటీ మూడుసార్లు కూర్చుని ఖరారు చేసే వేళకు, మైక్రోసాఫ్ట్ 2024 అక్టోబరులోనే దాని తయారీ ఆపేసిందని తెలిసింది. ‘సెక్యూరిటీ అప్‌డేట్లు 2027 డిసెంబరు దాకా ఇస్తారట సార్, మనకు కావాల్సింది ఒక్క ఇన్‌స్పెక్షన్ దాకానేగా’ అని పీఏ ధైర్యం చెప్పాడు.

నిజం చెప్పాలంటే ఈ కళ్లద్దాలు పిల్లలకే కావాలి. 150 మంది బ్యాచ్‌లో ఒక్కో బాడీ చుట్టూ గుంపు మూగితే, వెనక నిలబడ్డ కుర్రాడికి కనిపించే అనాటమీ అంతా ముందున్నవాడి భుజమే. వాడికి గాల్లో గుండెకాయ వరమే. కానీ అవి అద్దాల బీరువాలో ఉంటాయి, తాళం డీన్ పీఏ దగ్గరుంటుంది. పోనీ, చేతికిచ్చినా సగం చదువే. కుడి పక్కటెముకల కింద వేళ్లుంచి ‘గట్టిగా గాలి పీల్చు తాతా’ అన్నప్పుడు లివరు అంచు వచ్చి వేళ్లకు తగలడం ఏ కళ్లద్దాల్లోనూ లేదు. దానికి మంచం మీద తాతుండాలి, ఆయనకు నిజంగా జబ్బుండాలి. ఈ రెండో షరతు దగ్గరే యాజమాన్యాలకు చిక్కు.

ఏమైతేనేం, మన చైర్మన్‌గారు ఎక్కడో పాత సరుకు పట్టుకొచ్చి పని కానిచ్చారు. ఇన్‌స్పెక్టరుగారు కళ్లద్దాలు పెట్టుకుని వార్డంతా తిరిగి, తృప్తిగా తలాడించి, ఒకే ఒక్క లోపం రాశారు: రోగులకు కేస్ షీట్లు లేవు. ఆ రాత్రే హౌస్ సర్జన్లను కూర్చోబెట్టి మూడొందల మందికీ రాయించారు. అందరి బీపీ 120/80.